మిద్దె మీద తీసిన ఫోటో

ఆ వసంతంలో మా పేటలో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. తర్వాత చెబుదామనుకుంటే ఏదో ఒక సాకు వెతుక్కుంటాను. ఆ అలవాటు నాకుంది.

నాది మాంసం కొట్టు. కాసాబ్లాంకాలో మూతబడ్డ బట్టల మిల్లు వెనక, కూరగాయల సందు మొదట్లో ముప్పై ఏళ్ళుగా అదే కొట్టు, అదే నీలం తలుపు. నా పేరు బూశైబ్. నా కత్తులకంటే నా నోటికే పదునెక్కువని మా ఆవిడ నయీమా అంటూ ఉంటుంది. అది మెచ్చుకోలేనని చాలాకాలం అనుకున్నాను.

మార్చిలో మొదలైంది ఆ గోల. ఎవరో కుర్రాళ్ళు ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెట్టారట. తలకి రెండు పక్కలా గొరిగించుకుని, నడినెత్తిన జుట్టు నిక్కబొడిపించి, బంగారు రంగు గడియారాలు, మెరిసే బూట్లు, చేతిలో బారెడు కత్తులు. వాళ్ళలో నిజంగా దోచుకు తిన్నవాళ్ళెందరో, స్నేహితుడి గడియారం అడిగి తెచ్చుకుని ఫోజు కొట్టినవాళ్ళెందరో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. పత్రికలు వాళ్ళకి కత్తిమూక అని పేరు పెట్టాయి. రేడియోలో ఒకాయన రోజూ పొద్దున్నే గొంతు తగ్గించి "అమ్మలారా, అయ్యలారా, ఒక్కసారి మీ పిల్లల తలలు చూసుకోండి" అనేవాడు. ట్రామ్ దగ్గర ఒకావిడ గాజుల కోసం చెయ్యే నరికేశారన్నారు. వారం తిరిగేసరికి ఆవిడ మూడు పేటల్లో మూడు చేతులు పోగొట్టుకుంది. నేను మూడూ నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, వచ్చినవాళ్ళందరికీ కీమాతోపాటు పొట్లం కట్టి ఇచ్చాను.

మా పేటకి మొఖద్దెం సీ మాతీ. మగవాళ్ళ పేరు ముందు మర్యాదకి సీ అంటాం, ఆడవాళ్ళకైతే లల్లా. నాలుగు వీధుల్లో ఎవరింట్లో ఎవరు దిగారో, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో సర్కారుకి చేరవేయడమే మొఖద్దెం ఉద్యోగం. ఆయన కుర్చీ మాత్రం నా కొట్టులో. పదకొండింటికి వచ్చి, పత్రిక విప్పి, టీ తాగి, వెళ్ళేటప్పుడు రెండు ముక్కలు కాలేయం పట్టుకుపోయేవాడు. ఆయన నా కొట్టులో కూర్చోవడం నాకు గొప్పగా ఉండేది.

"నిన్న సినిమా హాలు దగ్గర నలభైమందిని వ్యాన్లెక్కించారు సీ బూశైబ్," అన్నాడొకరోజు. "అందరికీ గుండు. మోటారు బళ్ళు కూడా లాగేసుకున్నారు."

"నలభై ఏం చాలుతుంది సీ మాతీ? నాలుగొందలమందిని ఎత్తాలి. తల్లులు ముద్దు చేశారు, బళ్ళో పంతుళ్ళు వదిలేశారు. ఇక పోలీసులైనా పెంచాలిగా వీళ్ళని?"

మాంసం కోసం నిలబడ్డవాళ్ళు తలలాడించారు. సరిగ్గా అప్పుడే మా జవాద్ లోపలికొచ్చాడు, వాళ్ళమ్మ పంపిన రొట్టెల మూట పట్టుకుని. వాడికి పదిహేడేళ్ళు, నాన్న అనడానికి నన్ను బా అంటాడు. జూన్‌లో బడి చదువు చివరి బకలోరియా పరీక్ష. అది గట్టెక్కితే రేవు దగ్గరి ఓడ ఇంజన్ల స్కూల్లో సీటు కోసం రాస్తానని రెండేళ్ళుగా ఒకటే పాట. మా వంశంలో ఆ పరీక్షదాకా వెళ్ళినవాడు వాడొక్కడే. ఆ రోజు వాడి తలకి రెండు పక్కలా నున్నగా గొరిగి ఉంది. పైన జుట్టుకి ఏదో జిగురు రాసి వెనక్కి దువ్వాడు.

సీ మాతీ పత్రిక మీంచి చూశాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గుని నోటితో కప్పుకున్నాను. "నా కొడుకైనా సరే సీ మాతీ, ఇలాంటి వేషాలేస్తే మీరే పట్టుకుపోండి. గుండు కొట్టడానికి కత్తి నేనే నూరిస్తా!"

అందరూ నవ్వారు. జవాద్ కూడా నవ్వబోయాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "క్షవరమే కదా బా, బ్యాంకేం కొట్టలేదుగా," అని రొట్టెలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వాడి జవాబుకి ఇంకాస్త నవ్వారు. సీ మాతీ నవ్వలేదు, టీ తాగుతూ ఉన్నాడు.

ఇక్కడ ఆ ఫోటో సంగతి చెప్పాలి.

బక్రీద్ నాడు నా పని కొట్టులో కాదు, మిద్దెల మీద. మా పేటలో ప్రతి ఇంటికీ పొట్టేలు వస్తుంది కానీ ప్రతి ఇంట్లోనూ కత్తి పట్టే చెయ్యి ఉండదు. నమాజు అవగానే సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ వెళతాను. ఆ సంచీలో కత్తులు పండగ కత్తులు. ఏడాదికొకసారే బయటికి తీస్తాను, కొట్టు కత్తులతో కలపను. అంతకుముందు శరదృతువులో వచ్చిన బక్రీద్‌కి మొదటిసారి జవాద్‌ని వెంట తీసుకెళ్ళాను. ఏడో ఇల్లు లల్లా బతూల్‌ది. భర్త పోయిన మనిషి, ఒంటరిది, నాలుక మాత్రం పదిమంది పెట్టు. ఆవిడ మిద్దె మీద పొట్టేలుని వేలాడదీశాక, "ఇది నువ్వు వొలువు," అని కత్తి వాడి చేతికిచ్చాను. వొలిచాడు. చర్మం ఎక్కడా చిరగలేదు. లల్లా బతూల్ నోట మాట లేదంటే ఎంత బాగా వొలిచాడో అర్థం చేసుకోవచ్చు.

నాకు పట్టలేనంత సంతోషమేసింది. వాడి ఫోన్ లాక్కుని, "నిలబడరా, ఫోటో తీస్తా," అన్నాను. వాడు బల్లిలా గోడకతుక్కున్నాడు. "అలా కాదు. రెండు కత్తులూ రొమ్ము మీద అడ్డంగా పట్టుకో. కళ్ళెర్రజెయ్. మగాడిలా నిలబడు!" వాడు సిగ్గుపడుతూనే చేశాడు. పక్కన పొట్టేలు, ముందు రక్తం పడ్డ ఏప్రన్, వెనక ఆరేసిన బట్టలు. ఫోజు నాది, ఫోటో నాది, కత్తులు నావి. ఆ సాయంత్రం వాడు దాన్ని ఫేస్‌బుక్‌లో పెడితే బంధువులంతా మాషా అల్లా అన్నారు.

ఏప్రిల్ మొదటి వారంలో కూరగాయల కొట్టతను ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "సీ బూశైబ్, ఇది మీవాడు కాదూ?"

ఏదో వార్తల పేజీ. 'మన వీధుల్లోని కసాయి ముఖాలు' అని పెద్దక్షరాలతో రాసి, కింద తొమ్మిది ఫోటోలు వేశారు. నాలుగోది జవాద్. పొట్టేలుని కత్తిరించేశారు. బట్టల తీగ కూడా లేదు. మిగిలిందల్లా ఎర్రటి ఏప్రన్, అడ్డంగా రెండు కత్తులు, నేను చెబితే పెట్టిన ఆ ఎర్రటి చూపు. ఏమీ తెలియకుండా చూసుంటే నేను కూడా ఆ మొహాన్ని చూసి భయపడేవాణ్ణి.

"కాదు కాదు, పోలికంతే," అన్నాను. అతను నా వంక చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి వచ్చారు. నయీమా పొయ్యి మీద అట్లు కాలుస్తోంది. ఇద్దరు పోలీసులు, వాళ్ళ వెనక గుమ్మం బయట సీ మాతీ, నేల చూపులు చూస్తూ. అల్మారా మీద గుడ్డలో చుట్టి ఉన్న పండగ కత్తులు దించారు. వాడి ఫోన్ తీసుకున్నారు. జవాద్ బూట్లు తొడుక్కోబోతే, "అవీ సాక్ష్యమే," అని వాటిని సంచీలో వేసుకున్నారు. సంతలో కొన్న నకిలీ బూట్లవి. వాడు బాత్రూం చెప్పులతో వెళ్ళాడు.

నయీమా అట్లకాడ పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది. "అవి మా ఆయన కత్తులు! బక్రీద్ కత్తులు! పేటంతా తెలుసు. అడగండి, ఇక్కడే ఉన్నాడుగా సీ మాతీ, ఈయనింటి పొట్టేలునీ వాటితోనే కోశారు!"

సీ మాతీ గొంతు సవరించుకున్నాడు. "అదంతా ఠాణాలో చెప్పుకోవచ్చు లల్లా నయీమా."

"వెళ్ళి చెప్పిరావయ్యా," అంది నాతో. "పరిగెత్తు. నీ నోరు ఇవాళ పనికిరావాలి."

ఠాణా వరండాలో బెంచీల నిండా తండ్రులు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. లోపలి గదిలోంచి మిషన్ చప్పుడు వస్తోంది, మధ్యలో ఒకతను చీపురుతో జుట్టు బయటికి ఊడుస్తున్నాడు. నల్లటి జుట్టు, రాగి రంగు జుట్టు, అన్నీ కలిసిపోయి ఒక కుప్ప. మధ్యాహ్నం నమాజు వేళకి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి నా పేరు పిలిచి పక్కకి తీసుకెళ్ళాడు. టీ కూడా ఇప్పించాడు.

"హాజీ," అన్నాడు. నేను హజ్‌కి వెళ్ళలేదు. పని పడినప్పుడు మేమందరం హాజీలమే. "సీ మాతీ నీ గురించి చాలా మంచిగా చెప్పాడు. మా పని మెచ్చుకునేవాళ్ళు తక్కువ."

"సార్, ఆ కత్తులు..."

"ఆగు. ముందు నేను చెప్పేది విను. మీవాడికి పద్దెనిమిది నిండలేదు. వాడి వాంగ్మూలం మీద తండ్రి సంతకం కావాలి, నీ మాట కూడా రాసుకోవాలి. ఆ కత్తులు నీవన్నావనుకో. పిల్లాడి చేతికి ఆయుధాలిచ్చినవాడివి నువ్వే అవుతావు. నువ్వూ లోపలికే, వాడూ లోపలికే. కొట్టు లైసెన్సు సంగతి నీకే తెలుసు. నాకు తెలీదన్నావనుకో. తండ్రి పెద్దమనిషి, పిల్లాడు తెలిసీ తెలియక ఆడాడు అని జడ్జిగారు నాలుగు చీవాట్లు పెట్టి గురువారానికి ఇంటికి పంపేస్తారు."

"గురువారానికా?"

"గురువారానికే. ఇంకో సంగతి, గుండు కొట్టమని అడిగింది నువ్వేగా? కొట్టేశాం." నా భుజం మీద తట్టాడు. నేను నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. నా మొహం మీంచి దాన్ని చెరిపేయగలిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

గదిలో జవాద్ గోడవారగా కుర్చీలో ఉన్నాడు. గుండు తిన్నగా కొట్టలేదు, అక్కడక్కడ చారలు. చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డ మచ్చ బయటపడింది. నన్ను చూడగానే వాడి మొహంలో పెద్ద బరువు దిగినట్టు కనిపించింది.

"అదుగో సార్, మా బా వచ్చాడు. అడగండి. ఫోటో ఆయనే తీశాడు. బక్రీద్ రోజు, లల్లా బతూల్ మిద్దె మీద. పక్కన పొట్టేలు కూడా ఉంది. ఫోన్‌లో మొత్తం ఫోటో ఉంది, చూడండి."

"ఫోన్ పరీక్షకి పంపాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కంప్యూటర్లో టైపు చేస్తున్నతని వైపు చూసి. తర్వాత నా వైపు తిరిగాడు. "హాజీ, ఈ కత్తులు నీవేనా?"

రెండూ బల్ల మీద ఉన్నాయి. పెద్దదాని పిడికి తోలు చుట్టింది నేను. చెయ్యి జారకుండా ఉంటుందని జవాద్ కోసమే చుట్టాను.

"కావు," అన్నాను.

"ఫోటో ఎవరు తీశారో తెలుసా?"

"తెలీదు."

"బా?" అన్నాడు జవాద్.

అంతే అన్నాడు. నేను వాడి వంక చూడలేదు, కలం ఎక్కడుందా అని చూశాను. సంతకం పెట్టే చోట ఇన్‌స్పెక్టరు వేలు పెట్టి చూపించాడు.

గురువారం కోసమే అలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఒట్టి మాట. ఆ గదిలో నాకు గుర్తొచ్చింది గురువారం కాదు. ఆ వార్తల పేజీలో పదో ఫోటోగా నేను పడతానని, నా నీలం తలుపు మీద సర్కారు సీలు వేస్తారని, జనం ఆగి చూస్తారని భయమేసింది. ఆ భయం నా కొడుకు కంటే ముందు నిలబడింది. నేను పిరికివాణ్ణి. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఇంటికెళ్ళేసరికి నయీమా గుమ్మంలోనే ఉంది. "చెప్పావా?"

"చెప్పాను."

"కత్తులు నీవని? ఫోటో నువ్వే తీశావని?"

"అన్నీ చెప్పాను. గురువారానికి వదిలేస్తామన్నారు."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. అట్ల పిండి ఎండిపోయి ఉంది ఆమె వేళ్ళకి.

గురువారం వచ్చింది, పోయింది. పక్క గురువారమూ పోయింది. జవాద్‌ని పిల్లల జైలుకి పంపారు, విచారణకి తారీఖు వేశారు. రేడియో ఆయన రోజూ లెక్క చెప్పేవాడు, ఇవాళ ఇంతమంది, నిన్న ఇంతమంది అని. ఆ అంకెల్లో మావాడొకడని తెలిశాక కూడా కొట్టులో రేడియో కట్టేయలేకపోయాను. కట్టేస్తే ఎందుకు కట్టేశావని అడుగుతారు. సీ మాతీ కుర్చీ పది రోజులు ఖాళీగా ఉండి, పదకొండో రోజు మళ్ళీ నిండింది. ఆ రోజు కూడా కాలేయం కట్టిచ్చాను.

ఏప్రిల్ చివర్లో లల్లా బతూల్ కొట్టుకి వచ్చింది. గట్టి కాలుతో ముందుకడుగేస్తూ, నొప్పి కాలుని లాక్కుంటూ, పొడుగాటి పండగ అంగీ, జెల్లాబా వేసుకుని మరీ వచ్చింది.

"విచారణ ఎప్పుడు?" అంది ఏ పలకరింపూ లేకుండా.

"ఎందుకు లల్లా?"

"ఎందుకేంటి? ఆ మిద్దె నాది. ఆ పొట్టేలు నాది. తీగ మీద ఆరేసినవి నా బట్టలు. నువ్వు వాణ్ణి కళ్ళెర్రజెయ్యమని అరుస్తుంటే నేను పొయ్యి దగ్గర కూర్చుని నవ్వుతున్నా. నేనొచ్చి జడ్జికి చెప్తా. నన్ను కూడా గుండు కొట్టించుకోమంటారేమో చూద్దాం!"

నయీమా అక్కడ లేదు. దేవుడు ఆ ఒక్క నిమిషం నన్ను ఒంటరిగా వదిలాడు, నిజం చెప్పుకోమని. ఆవిడొచ్చి నోరు విప్పితే నేను పెట్టిన సంతకం అబద్ధమని తేలిపోతుంది.

"వద్దు లల్లా," అన్నాను. "లాయరుగారు సాక్షులు వద్దన్నారు. గొడవ పెద్దదవుతుందట. ఆయనకి తెలుసు."

"లాయరా? ఏ లాయరు? నేనొచ్చి మాట్లాడతా ఆయనతో."

"నువ్వు పెద్దదానివి. మెట్లెక్కలేవు. నీకెందుకీ తిప్పలు?"

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. ఆవిడ నోరు మూసుకోవడం నేను చూడటం అది రెండోసారి. "సరే బూశైబ్. నీ కొడుకు, నీ ఇష్టం," అంది. ఎప్పుడూ నన్ను సీ బూశైబ్ అనేది. వెళుతూ ఆ రోజు మాంసం తీసుకోలేదు. తర్వాత ఇంకెప్పుడూ నా దగ్గర తీసుకోలేదు.

మే మూడో వారంలో విచారణ. పిల్లల కేసు కాబట్టి తలుపులు మూస్తారు. లోపలికి తండ్రి మాత్రమే రావాలన్నాడు గుమాస్తా. నయీమా వరండాలో ఉండిపోయింది. నా చొక్కా కాలరు సరిచేసి, "ఠాణాలో చెప్పినట్టే చెప్పు, అదే ధైర్యంతో," అంది. ఆ పొద్దున్న నమాజులో నేను నిర్ణయించుకునే వచ్చాను. ఈసారి చెప్పేస్తాను. లైసెన్సు పోతే పోనీ, లోపలేస్తే వేయనీ. ఆ మాట నిజంగానే అనుకున్నాను, దానికి సాక్షి నేనొక్కడినే కాబట్టి మీరు నమ్మకపోయినా తప్పులేదు.

జడ్జి ఒక ఆడమనిషి, అలసిపోయి ఉంది. ఆవిడ ముందు దస్త్రాలు గుట్టగా ఉన్నాయి. సర్కారు ఇచ్చిన లాయరు కుర్రవాడు, మా దస్త్రం ఆ పొద్దున్నే మొదటిసారి తెరిచినట్టున్నాడు, జవాద్‌ని ఫవాద్ అని పిలిచాడు. జవాద్ తల మీద జుట్టు వేలెడు పెరిగింది. మనిషి సన్నబడ్డాడు.

జడ్జి నా వాంగ్మూలం పైకి చదివింది. కత్తులు తనవి కావని తండ్రి చెబుతున్నాడు. ఫోటో ఎవరు తీశారో తెలియదంటున్నాడు. నా మాటలు ఇంకొకరి నోట వింటే ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి మాటల్లా ఉన్నాయి.

"నువ్వేమో కత్తులు మీ నాన్నవే అన్నావు," అందావిడ జవాద్‌తో. "మీ నాన్నగారు కావంటున్నారు. ఇద్దర్లో అబద్ధమాడుతున్నది ఎవరు బాబూ?"

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను.

జవాద్ నా వంక చూశాడు. కోపంగా కాదు. బల్ల మీద తూకం వేసేటప్పుడు నేను ముల్లు వైపు చూస్తానే, అలా చూశాడు. తర్వాత జడ్జి వైపు తిరిగాడు.

"నేనేనండీ. కత్తులు ఆదివారం సంతలో కొన్నాను. మా బాకి తెలీదు."

"ఫోటో?"

"స్నేహితుడు తీశాడు. పేరు చెప్పను."

జడ్జి నా వైపు చూసింది. "తండ్రిగా మీరు చెప్పేదేమైనా ఉందా?"

నా నోరు ఇంకా తెరిచే ఉంది. అందులోంచి వచ్చింది ఇది: "వచ్చే నెల పిల్లాడికి పరీక్షుందమ్మా. దయ చూపించండి."

మూడు నెలలు వేసింది. దయ చూపించే వేసిందేమో, ఆ రోజుల్లో ఏడాది పడ్డ పిల్లలు కూడా ఉన్నారు. పరీక్ష మాత్రం పోయింది. బయటికి తీసుకెళ్ళేటప్పుడు జవాద్ నా పక్కనుంచే నడిచాడు. "అమ్మకి చెప్పకు," అన్నాడు మెల్లగా. సంగతేమిటో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

వరండాలో నయీమా పరిగెత్తుకొచ్చింది. "చెప్పావా?"

"చెప్పాను. వినలేదు."

జడ్జినీ, ఇన్‌స్పెక్టర్నీ, సీ మాతీనీ, వాళ్ళ ఏడు తరాలనీ ఆమె దారి పొడవునా తిట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికెళ్ళాక కాళ్ళకి వేడినీళ్ళు పెట్టింది. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు పడినంత సిగ్గు నేను కోర్టులో కూడా పడలేదు.

జూన్ వచ్చింది. పరీక్ష రోజున పేటలో పిల్లలు తెల్లచొక్కాలు వేసుకుని వెళుతుంటే కొట్టు తలుపు సగం దించి కూర్చున్నాను. రేడియో ఆయన అప్పటికి కత్తిమూకని మరిచిపోయి ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతున్నాడు. ఆ తొమ్మిది ఫోటోల పేజీ ఎవరికీ గుర్తులేదు. కుర్రాళ్ళు మళ్ళీ పక్కలు గొరిగించుకుని తిరుగుతున్నారు, వాళ్ళని ఎవరూ ఆపడం లేదు.

ఆ వారం ములాఖాత్‌కి వెళ్ళాం. నయీమా బుట్టలో కోడికూర, ఆలివ్ కాయలు, వాడికిష్టమైన అట్లు సర్దింది. గదిలో పొడుగాటి బల్ల, ఇవతల తల్లులు, అవతల పిల్లలు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. జవాద్ వచ్చి వాళ్ళమ్మ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు, తర్వాత నా చెయ్యీ ముద్దు పెట్టుకున్నాడు. వాడి పెదవులు తగిలినప్పుడు నా చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

"తింటున్నావా? కొడుతున్నారా? ఎవరి పక్కన పడుకుంటున్నావు?" నయీమా ఊపిరి తీసుకోకుండా అడిగింది. వాడు బాగానే ఉన్నానన్నాడు. లోపల తలుపుల తాళాలు బాగుచేసే పనిలో పెట్టారనీ, వచ్చే ఏడు పరీక్ష రాయొచ్చని చెప్పారనీ అన్నాడు. ఓడల స్కూలు మాట ఎత్తలేదు.

"వీళ్ళకి గుండె లేదు కొడుకా," అంది నయీమా కళ్ళు తుడుచుకుంటూ. "మీ బా రెండుసార్లు చెప్పాడు. ఠాణాలో ఇన్‌స్పెక్టరు మొహం మీదే చెప్పాడు, కోర్టులో జడ్జికీ చెప్పాడు. కత్తులు నావి, ఫోటో నాది, పట్టుకుంటే నన్ను పట్టుకోండి అన్నాడు. అయినా కరగలేదు."

పట్టుకుంటే నన్ను పట్టుకోండి అన్నది నేను ఆమెకి చెప్పిన అబద్ధంలో కూడా లేదు. అది ఆమే చేర్చింది. అలాంటి మనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేశానని ఆమె నమ్మింది.

జవాద్ ఒక ఆలివ్ కాయ నోట్లో వేసుకుని, గింజ చేతిలోకి తీసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వాడు నిజం చెప్పేస్తే బాగుండునని ఒక పక్క, చెప్పకూడదని ఇంకో పక్క.

"అవునమ్మా," అన్నాడు. "బా చెప్పాడు. నా ఎదురుగానే చెప్పాడు. వాళ్ళే రాసుకోలేదు."

ఎంత తేలిగ్గా చెప్పాడంటే, ఒక్క క్షణం నాకే అలా జరిగిందేమో అనిపించింది.

గంట కొట్టారు. వాడు వెళ్ళాడు. బయట రోడ్డు మీద ఎండ మండిపోతోంది. బస్సు కోసం మాలాగే ఖాళీ బుట్టలతో పదిమంది నిలబడ్డారు. మా పక్కన ఒక పెద్దావిడ, తలగుడ్డ కింద మొహమంతా చెమట. నయీమాతో మాట కలిపింది. ఆవిడ మనవడికి ఎనిమిది నెలల శిక్ష పడిందట, బంగారు రంగు గడియారం పెట్టుకున్నందుకు. తండ్రి ఠాణాకే వెళ్ళలేదట, నాకు కొడుకే లేడనుకుంటానన్నాడట.

"మా ఆయన అలా కాదు ఖాల్తీ," అంది నయీమా. పెద్దావిడల్ని మేం అలాగే పిలుస్తాం. "ఇన్‌స్పెక్టరు మొహం మీదే చెప్పాడు, తప్పు నాది, నన్ను పట్టుకోండని. ఇవాళ మావాడే చెప్పాడు, బా చెప్పడం నేను కళ్ళారా చూశానని."

పెద్దావిడ బుట్ట కిందపెట్టి, నన్ను తల నుంచి కాళ్ళదాకా చూసింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఆ రోడ్డు మీదే రెండు చేతులూ పైకెత్తింది.

"ప్రతి బిడ్డకీ అల్లా నీలాంటి తండ్రినివ్వాలి బాబూ," అంది.

చుట్టూ నిలబడ్డవాళ్ళు నా వైపు తిరిగారు. నయీమా కూడా చూస్తోంది.

"ఆమీన్," అన్నాను.